పెద్ద జబ్బు వచ్చి తగ్గాక బీమా, బ్యాంకు: ఏది దొరుకుతుంది, ఎక్కడ ఆగిపోతుంది?

నెల్లూరు పొగతోటలో ఏ ఆసుపత్రి ముందు మందుల షాపు దగ్గర నిలబడినా రెండు మాటలు వినపడతాయి. "ఒకసారి పెద్ద జబ్బు వచ్చిందంటే ఇంక ఏ కంపెనీ ఇన్సూరెన్స్ ఇవ్వదు" అనేది మొదటిది. "చెప్పకుండా తీసుకుంటే ఎవరికి తెలుస్తుందిలే" అనేది రెండోది. చెన్నైలో స్టెంట్ వేయించుకుని వచ్చినవాళ్లు, అడయారు క్యాన్సర్ ఆసుపత్రిలో కీమో పూర్తి చేసుకుని వచ్చినవాళ్లు, డయాలసిస్ మీద ఉన్నవాళ్లు ఈ రెండు మాటల మధ్య నలిగిపోతుంటారు. మొదటిది నమ్మి ఉన్న పాలసీని కూడా వదిలేసుకునేవాళ్లున్నారు. రెండోది నమ్మి ఏళ్ల తరబడి ప్రీమియం కట్టి, తీరా అవసరం వచ్చినప్పుడు పైసా రాక అప్పుల్లో పడినవాళ్లున్నారు. రెండు మాటలూ తప్పే. మనిషి కోలుకుంటున్న సమయంలో ఇల్లు కూలిపోకుండా ఉండాలంటే ఇవి ఎందుకు తప్పో అర్థం కావాలి.

గందరగోళం ఎక్కువగా ఎక్కడ వస్తుందంటే, మూడు వేర్వేరు విషయాలను కలిపి మనం 'ఇన్సూరెన్స్' అని ఒకే పేరుతో పిలుస్తాం. ప్రభుత్వ వైద్య పథకం మీకు ముందు నుంచి జబ్బు ఉందా అని అడగదు. ఆరోగ్య బీమా అడుగుతుంది, ఎక్కువ సందర్భాల్లో కొంతకాలం ఆగమంటుంది. జీవిత బీమా అడిగి, తూకం వేసి, కొందరిని వెనక్కి పంపుతుంది. ఒకదాని నియమాన్ని ఇంకోదానికి అంటగడితే ప్రతి నిర్ణయం తప్పుతుంది.

చేతిలో ఉన్నదాన్ని వదలొద్దు

జబ్బు బయటపడిన వారంలోనే బీరువాలో ఉన్న పాత పాలసీలన్నీ బయటికి తీయాలి. కొత్త పాలసీ ఆలోచన తర్వాత. ఆరోగ్య బీమా ఉంటే, మీరు ఎన్ని లక్షల క్లెయిమ్ చేసినా ఆ కారణం చూపి కంపెనీ రెన్యువల్ ఆపడానికి వీల్లేదు. మోసం చేశారనో, దాచారనో రుజువైతే తప్ప పాలసీ జీవితాంతం నడుస్తుంది. మళ్లీ పరీక్షలు పెట్టి బేరీజు వేసే పని కూడా ఉండదు. బీమా మొత్తాన్ని పెంచమని అడిగితే మాత్రం పెంచిన మేరకు కొత్తగా చూస్తారు.

కట్టాల్సిన తేదీ దాటిపోతే సంవత్సరం ప్రీమియానికి 30 రోజుల గడువుంటుంది. కీమో తిరుగుళ్లలో ఆ తేదీ మర్చిపోవడం చాలా ఇళ్లలో జరిగేదే. ఆ గడువు కూడా దాటితే మీరు కొత్త మనిషి కిందే లెక్క, అది కూడా జబ్బు ఉన్న కొత్త మనిషి. అందుకే ఆ తేదీ బాధ్యత పేషెంట్ మీద పెట్టకుండా ఇంట్లో ఇంకొకరు తీసుకోవాలి.

ఉద్యోగం చేసే చోట గ్రూపు బీమా ఉన్నవాళ్లు ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. ఉద్యోగం మానేసే ముందే అదే బీమా కంపెనీ ఇచ్చే వ్యక్తిగత పాలసీలోకి మారతామని అడగొచ్చు. అలా మారితే అప్పటిదాకా గడిచిన కాలం మీ ఖాతాలో జమ అవుతుంది. ఆరోగ్యం బాగాలేదని రాజీనామా చేసి, ఆ తర్వాత తీరిగ్గా బీమా గురించి ఆలోచిస్తే ఈ దారి మూసుకుపోతుంది.

ఎల్ఐసీ లాంటి జీవిత బీమా పాలసీలుంటే కాగితాలు చివరి పేజీ దాకా చదవండి. పెద్ద జబ్బు వస్తే ఒకేసారి డబ్బు ఇచ్చే రైడర్, ప్రీమియం మాఫీ చేసే రైడర్ (పాలసీకి అదనంగా జోడించే రక్షణ) ఏవైనా ఎప్పుడో పెట్టించి ఉంటారు, మర్చిపోయి ఉంటారు. ఇక ప్రీమియం కట్టక ల్యాప్స్ అయిన పాలసీని బతికించుకోవాలంటే ఫారం 680 అడుగుతారు. ఇప్పుడు నా ఆరోగ్యం ఇలా ఉంది అని మీరు సంతకం పెట్టి ఇచ్చే కాగితం అది. 1938 నాటి బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు దాటిన జీవిత బీమా పాలసీని కంపెనీ ఏ కారణంతోనూ ప్రశ్నించలేదు. ఈ సంగతి చాలామందికి తెలుసు. తెలియనిది ఏమిటంటే, పాలసీని పునరుద్ధరిస్తే ఆ మూడేళ్ల లెక్క పునరుద్ధరించిన తేదీ నుంచి మళ్లీ మొదలవుతుంది. పదిహేనేళ్ల పాత పాలసీ కూడా ఆ రోజు నుంచి కొత్త పాలసీలా ప్రశ్నలకు లోబడుతుంది.

36 నెలలు, 60 నెలలు

కొత్త ఆరోగ్య బీమా విషయంలో 2024 పెద్ద మలుపు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆ ఏడాది రెండు గడువులను తగ్గించింది. వీటిని కలిపేసి మాట్లాడటం వల్ల ఏజెంట్లు కూడా తప్పు చెబుతుంటారు.

మొదటిది వెయిటింగ్ పీరియడ్. పాలసీ తీసుకునే ముందు నుంచే ఉన్న జబ్బుకు కంపెనీ ఎక్కువలో ఎక్కువ 36 నెలలు కవరేజీ ఆపొచ్చు. ఇంతకుముందు అది 48 నెలలు. ఆ మూడేళ్లలో వేరే జబ్బులకు పాలసీ పనిచేస్తూనే ఉంటుంది. గుండెకు స్టెంట్ ఉన్న మనిషికి డెంగీ వస్తే బిల్లు వస్తుంది. గుండె జబ్బుకే మూడేళ్లు ఆగాలి. చాలామంది "మూడేళ్లు దండగ" అనుకుని తీసుకోరు. ఆ మూడేళ్లూ ఎటూ గడిచిపోతాయి, పాలసీ లేకుండా గడిస్తే నాలుగో ఏట కూడా మళ్లీ మొదటికే వస్తాం.

రెండోది మారటోరియం. పాలసీ ఆగకుండా 60 నెలలు నడిస్తే, ఆ తర్వాత మీరు ఏదో చెప్పలేదని కంపెనీ క్లెయిమ్ తిరస్కరించలేదు, మోసం అని రుజువు చేస్తే తప్ప. ఇది ముందు 8 ఏళ్లు ఉండేది. మొదటి గడువు నిజం చెప్పినవారికి సంబంధించింది. రెండోది ఏదైనా చెప్పడం తప్పిపోయినవారికి రక్షణ. దాచిపెట్టమని ఇచ్చిన లైసెన్సుగా దీన్ని వాడుకోవాలని చూస్తే ఆ ఐదేళ్లలో ఎప్పుడు ఆసుపత్రిలో పడినా దొరికిపోతాం. పెద్ద జబ్బు ఒకసారి వచ్చిన మనిషికి ఐదేళ్లు ఆసుపత్రి గడప తొక్కకుండా గడవడం ఎంత కష్టమో ఇంట్లోవాళ్లకు తెలుసు.

ఇంకో చిక్కుముడి ఉంది. 'ముందు నుంచి ఉన్న జబ్బు' అంటే నిబంధనల్లో అర్థం, పాలసీకి ముందు 36 నెలల లోపల డాక్టర్ నిర్ధారించినదో, వైద్యం చెప్పినదో, జరిగినదో. ఐదేళ్ల కిందట వైద్యం పూర్తయి, మందులూ చెకప్‌లూ ఏమీ లేకుండా ఉన్నవారికి ఆ నిర్వచనం వర్తించకపోవచ్చు. కానీ పాలసీ కోసం నింపే ప్రపోజల్ ఫారంలో ప్రశ్న "ఎప్పుడైనా క్యాన్సర్ గానీ గుండె జబ్బు గానీ వచ్చిందా" అని ఉంటే, వచ్చిందనే రాయాలి. నిర్వచనం వేరు, ప్రశ్న వేరు. ప్రశ్నకు జవాబు ప్రశ్న ప్రకారమే ఇవ్వాలి.

వయసు 65 దాటితే కొత్త పాలసీ లేదనే పాత అడ్డు కూడా 2024లోనే పోయింది. అలాగని ప్రతి కంపెనీ ప్రతి మనిషికీ మామూలు ప్రీమియానికి ఇస్తుందని కాదు. లోడింగ్ పేరుతో ప్రీమియం పెంచొచ్చు. కొన్ని తీవ్రమైన జబ్బులను పూర్తిగా పక్కన పెట్టి మిగతావాటికి ఇస్తామని మీ సమ్మతి అడగొచ్చు. ఒక కంపెనీ వద్దన్నదాన్ని ఇంకోటి ఒప్పుకోవచ్చు. స్టార్ హెల్త్ లాంటి సంస్థలు క్యాన్సర్ వచ్చి తగ్గినవారికి, గుండె ఆపరేషన్ అయినవారికి విడిగా పాలసీలు తెచ్చాయి. ప్రీమియం ఎక్కువ, షరతులూ ఎక్కువే, కానీ తలుపైతే ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియాల మీద 18 శాతం జీఎస్టీ తీసేయడం ఇలాంటి ఖరీదైన పాలసీలు కట్టేవారికి చిన్న ఊరట కాదు.

ఎవరో టిక్ పెట్టిన "నో"

క్లెయిములు ఎక్కడ చచ్చిపోతాయో ఇప్పుడు చెప్పుకోవాలి. అది జరిగేది ఆసుపత్రిలో కాదు, పాలసీ తీసుకున్న రోజునే.

ప్రపోజల్ ఫారం ఇంగ్లీషులో ఉంటుంది. ఏజెంట్ ఫోన్లోనో ట్యాబ్‌లోనో తెరుస్తాడు. షుగర్, బీపీ, గుండె, కిడ్నీ, క్యాన్సర్, ఆపరేషన్లు, ఐదేళ్లలో ఆసుపత్రిలో చేరారా, ఏ కంపెనీ అయినా తిరస్కరించిందా అని వరసగా ప్రశ్నలు. "అప్పుడెప్పుడో గడ్డ తీయించుకున్నా కదబ్బాయ్, అది రాయవా?" అంటే, "అది రాస్తే కేసు నిలబడదన్నా, అన్నింటికీ నో కొట్టేద్దాం, ఏం కాదులే" అంటాడు. ఓటీపీ వస్తుంది, చెప్పేస్తాం. ఆ ఓటీపీ చెప్పడమే సంతకం. ఆ తర్వాత ఆ 'నో' ఏజెంట్‌ది కాదు, మనది.

ఇక రెండో కొస. మూడేళ్ల తర్వాత అర్ధరాత్రి ఛాతీలో నొప్పి అని క్యాజువాలిటీకి తీసుకుపోతారు. డ్యూటీ డాక్టర్ అడుగుతాడు, "షుగర్ ఉందా, ఎన్నాళ్ల నుంచి?" టెన్షన్‌లో ఉన్న కొడుకు, "ఆ, ఉంది సార్, పదేళ్ల నుంచి ఉంది" అంటాడు. నిజానికి షుగర్ తేలింది రెండేళ్ల కిందటే, పాలసీ తీసుకున్నాకే. కానీ కేస్ షీట్‌లో 'పదేళ్లుగా షుగర్' అని పడిపోతుంది. అక్కణ్ణుంచి డిశ్చార్జ్ సమ్మరీలోకి ఎక్కుతుంది. క్లెయిమ్ చూసేవాళ్లు మొదట వెతికేది ఆ పాత చరిత్ర ఉన్న రెండు మూడు వరుసల్నే. ప్రపోజల్‌లో 'నో', సమ్మరీలో 'పదేళ్లు'. ఇంకేముంది, తిరస్కరణ లేఖ.

కాబట్టి ఆసుపత్రిలో చరిత్ర చెప్పేది తెలిసిన మనిషే చెప్పాలి. తేదీ తెలియకపోతే తెలియదనాలి, ఉజ్జాయింపుగా సంవత్సరాలు చెప్పొద్దు. డిశ్చార్జ్ రోజున బిల్లు కంటే ముందు సమ్మరీ చదివించుకోవాలి. తప్పుంటే అక్కడే, డాక్టర్ ఉండగానే, పాత రిపోర్టు చూపించి సరిచేయించుకోవాలి. నాలుగు నెలల తర్వాత దిద్దించిన కాగితాన్ని ఎవరూ అంత తేలిగ్గా నమ్మరు.

నిజం రాస్తే నష్టమనుకునేవారికి ఒక తీర్పు చెప్పాలి. విదేశీ ప్రయాణానికి బీమా తీసుకున్న ఒకాయన తనకు షుగర్ ఉందని ఫారంలో రాశారు. అమెరికాలో దిగగానే గుండెపోటు వచ్చింది, స్టెంట్లు వేశారు. ముందు నుంచి ఉన్న జబ్బు, కొలెస్ట్రాల్ మందుల సంగతి చెప్పలేదు అంటూ కంపెనీ డబ్బు నిరాకరించింది. 2021 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆయన పక్షాన నిలిచింది. మనిషి తన ఆరోగ్యం గురించి చెప్పాక, దాన్ని బేరీజు వేసుకుని పాలసీ ఇచ్చిన కంపెనీ, తర్వాత అదే పరిస్థితిని సాకుగా చూపి తప్పించుకోలేదని చెప్పింది. ఆయన చేతిలో ఉన్న బలం ఫారంలో రాసిన ఆ జవాబే.

పాలసీ వచ్చాక దానితో పాటు ప్రపోజల్ నకలు కూడా వస్తుంది. ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగిన పిల్లల చేత ప్రతి ప్రశ్నా చదివించుకోండి. తప్పు 'నో' కనిపిస్తే వెంటనే మెయిల్ రాసి సరిచేయమనండి. పాలసీ నచ్చకపోతే 30 రోజుల్లో వెనక్కి ఇచ్చేసే హక్కు కూడా ఉంది.

జీవిత బీమా దగ్గర ఇంకా కటువుగా ఉంటుంది

టర్మ్ పాలసీ, అంటే మనిషి పోతేనే డబ్బు ఇచ్చే పాలసీ, అడిగితే క్యాన్సర్ వచ్చి తగ్గినవారిని కంపెనీలు చాలాసార్లు కొన్నేళ్లు ఆగి రమ్మంటాయి. వెంటనే నాలుగు చోట్ల దరఖాస్తు పెట్టడం ఇక్కడ చేటు. ఒక చోట తిరస్కరించారంటే, ఆ తర్వాత ప్రతి ఫారంలోనూ ఆ సంగతి రాయాల్సిందే. ముందు మీ కాగితాలు చూపించి, ఏ కంపెనీ ఎలా చూస్తుందో అడిగి తెలుసుకుని, అప్పుడు ఒకటే దరఖాస్తు పెట్టడం మేలు. బయాప్సీ రిపోర్టు, వైద్యం ఎప్పుడు పూర్తయిందో తెలిపే లేఖ, తర్వాతి స్కాన్లు, గుండె వారికైతే తాజా ఎకో, కిడ్నీ వారికైతే క్రియాటినిన్ రిపోర్టులు తేదీ వరసలో ఉంటే చూసేవాడి పని తేలికవుతుంది, మీకు న్యాయం జరిగే అవకాశం పెరుగుతుంది.

ఆ లోపు బ్యాంకు ఖాతా ద్వారా వచ్చే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి ఉంది. ఏడాదికి 436 రూపాయలు, 18 నుంచి 50 ఏళ్ల లోపు చేరొచ్చు, వైద్య పరీక్షల్లేవు, మరణిస్తే 2 లక్షలు. చేరిన మొదటి 30 రోజుల్లో ప్రమాదం కాక వేరే కారణంతో చనిపోతే రాదు. రెండు లక్షలు తక్కువే, కానీ ఏ కంపెనీ గుమ్మం తొక్కనివ్వని ఇంటికి అదీ ఒక ఆసరా.

ఈ విషయంలో యూరప్ మనకంటే ముందుంది. క్యాన్సర్ తగ్గి కొంతకాలమైనవారి పాత జబ్బును అప్పుకు సంబంధించిన బీమాలో లెక్కలోకి తీసుకోకూడదని ఫ్రాన్స్ 2016లోనే చట్టం చేసింది. 2022లో ఆ గడువును వైద్యం ముగిసి, జబ్బు తిరగబెట్టకుండా గడిచిన ఐదేళ్లకు తగ్గించింది. మన దేశంలో హెచ్ఐవీ ఉన్నవారి పట్ల, మానసిక జబ్బులున్నవారి పట్ల బీమాలో వివక్ష చూపొద్దని 2017 చట్టాలున్నాయి. క్యాన్సర్ నుంచి బయటపడ్డవారికి మాత్రం అలాంటి చట్టం లేదు. ఉండాలి. డాక్టరే "నీకు తగ్గిపోయిందమ్మా, పదేళ్లయింది" అని చెప్పిన మనిషిని ఇంకా రోగిగానే చూడటం అన్యాయం.

ప్రభుత్వం ఇచ్చేది ముందు అందుకోండి

ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీగా 2007లో మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకానికి వెయిటింగ్ పీరియడ్ అనేదే లేదు. ఏడాదికి 5 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాలకు వర్తిస్తుంది. 2023 డిసెంబర్‌లో వైద్య ఖర్చు పరిమితిని 25 లక్షలకు పెంచారు. చెన్నైలో కొన్ని ఆసుపత్రులకూ 2019లో దీన్ని విస్తరించారు. రైలెక్కే ముందే 104కి ఫోన్ చేసి, మీరు వెళ్లే ఆసుపత్రి, మీకు చెప్పిన వైద్యం జాబితాలో ఉన్నాయో లేదో కనుక్కోండి. అడ్మిట్ అయ్యి డబ్బు కట్టేశాక అడిగితే చాలాసార్లు చేయగలిగింది ఉండదు. 70 ఏళ్లు దాటినవారికి ఆదాయంతో పనిలేకుండా 5 లక్షల దాకా ఆయుష్మాన్ భారత్ కార్డు 2024 అక్టోబర్ నుంచి ఉంది.

కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లు, కిడ్నీ జబ్బులతో బాధపడే ఊళ్లలో పింఛను సంగతి తెలియనివాళ్లు తక్కువే. 2024 జూలై నుంచి డయాలసిస్ చేయించుకునేవారికీ, కిడ్నీ, కాలేయం, గుండె మార్పిడి అయినవారికీ నెలకు 10 వేలు ఇస్తున్నారు. పక్షవాతంతో మంచానికే పరిమితమైనవారికి 15 వేలు.

అప్పు, బ్యాంకు ఖాతా

బ్యాంకు అప్పు ఇవ్వడానికి చూసేది ఆదాయం, ఆస్తి, పాత బాకీల చరిత్ర. జబ్బు నేరుగా అడ్డు కాదు. అడ్డు వచ్చేది దానితో పాటు అంటించే బీమా. ఇంటి లోన్ మంజూరైన రోజు సంతకాల కట్టలో 'నేను ఆరోగ్యంగా ఉన్నాను' అనే కాగితం కూడా ఒకటి ఉంటుంది. ఎవరూ చదవరు. లక్ష రూపాయల ప్రీమియాన్ని లోన్‌లో కలిపేస్తారు, దాని మీద ఇరవై ఏళ్లు వడ్డీ కడతాం. యజమాని పోయాక, జబ్బు దాచారని కంపెనీ చేతులెత్తేస్తే, బాకీ మొత్తం భార్య నెత్తిన పడుతుంది. మా దగ్గరే జీవిత బీమా తీసుకుంటేనే లోన్ అని షరతు పెట్టే హక్కు బ్యాంకుకు లేదు. మీకు పనికిరాని బీమా అయితే రాతపూర్వకంగా వద్దనండి. పనికొచ్చేదైతే ఆ ఆరోగ్య ప్రకటన మీద జబ్బు సంగతి మీ చేత్తోనే రాయండి.

వైద్యం మధ్యలో డబ్బు అవసరమై నూటికి మూడు రూపాయల వడ్డీకి పోయే ముందు లెక్క వేయండి. అది ఏడాదికి 36 శాతం. బంగారం మీద బ్యాంకు లోన్, పాత జీవిత బీమా పాలసీ మీద లోన్ దానికంటే ఎన్నో రెట్లు చవక, ఆ రెంటికీ ఆరోగ్యం గురించి అడగరు. ఐదేళ్లు నిండిన పీపీఎఫ్ ఖాతాను ప్రాణాంతక జబ్బు కారణంగా ముందే మూసేసుకోవచ్చు.

చెయ్యి పడిపోయి సంతకం పెట్టలేని తండ్రి ఖాతాలో డబ్బుంటుంది, తీయడానికి దారి ఉండదు. కొడుకు ఏటీఎం కార్డుతో తీసి, తర్వాత అన్నదమ్ముల మధ్య గొడవలవుతాయి. దీనికి రిజర్వు బ్యాంకు నియమం ఉంది. వేలిముద్ర గానీ, అదీ కుదరకపోతే కాలి వేలిముద్ర గానీ వేయించి, ఇద్దరు సాక్షులు గుర్తిస్తే బ్యాంకు డబ్బు ఇవ్వాలి. ఆ ఇద్దరిలో ఒకరు బాధ్యత గల బ్యాంకు అధికారి అయ్యుండాలి. 70 దాటినవారికీ, నడవలేని రోగులకీ ఇంటి దగ్గరకే వచ్చి సేవలందించాలని 2017లోనే బ్యాంకులకు చెప్పారు. మేనేజర్‌కి తెల్లకాగితం మీద అర్జీ రాసి, డాక్టర్ సర్టిఫికెట్ జతచేసి ఇవ్వండి, నకలు మీద బ్యాంకు ముద్ర వేయించుకోండి.

కాదన్నప్పుడు

క్లెయిమ్ తిరస్కరిస్తే ఏ షరతు ప్రకారం తిరస్కరించారో రాతలో అడగండి. మొదట కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా వివాదాలు తేల్చే అధికారి అయిన బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. మన జిల్లాలకు ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, 50 లక్షల దాకా వివాదాలు చూస్తారు, విచారణ వీడియోలో కూడా జరగొచ్చు. కంపెనీ చివరి జవాబు వచ్చిన ఏడాది లోపు వెళ్లాలి. దుఃఖంలో ఉన్న ఇంట్లో ఏడాది తెలియకుండా గడిచిపోతుంది కాబట్టి తిరస్కరణ లేఖ వచ్చిన రోజే దాని మీద తేదీ వేసి పెట్టుకోండి. ఫిర్యాదుతో పాటు పాలసీ, ప్రపోజల్ నకలు, తిరస్కరణ లేఖ, డిశ్చార్జ్ సమ్మరీ, జబ్బు మొదట ఎప్పుడు తేలిందో చూపే పాత ల్యాబ్ రిపోర్టు పెట్టాలి. ఆ ల్యాబ్ రిపోర్టు పోయి ఉంటే పరీక్ష చేసిన ల్యాబ్‌కే వెళ్లి అడగండి, చాలా ల్యాబులు కంప్యూటర్‌లో దాచిన పాతవాటిని మళ్లీ ప్రింట్ తీసి ఇస్తాయి.